స్లయిడ్లు పక్కన పెట్టి, ఒక కుర్చీ లాక్కోండి

ప్రశ్న: నేను క్యాన్సర్ డాక్టర్ని. మెడికల్ ఆంకాలజీ పూర్తిచేసి నాలుగేళ్లయింది. మా దగ్గరే ట్రీట్‌మెంట్ తీసుకుని కోలుకున్న ఒకావిడ నెలకోసారి పేషెంట్లనీ ఇంట్లోవాళ్లనీ కూర్చోబెట్టి మీటింగ్ పెడుతుంటారు. నన్ను మాట్లాడమంటే ఉత్సాహంగా 40 స్లయిడ్లు చేసుకుని వెళ్లాను. ముప్పావుగంట చెప్పాను. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. అయిపోగానే మాత్రం ఫైళ్లు పట్టుకుని లైను కట్టారు, గంటన్నర నిలబడి రిపోర్టులు చూశాను. మధ్యలో ఒకాయన అందరి ముందూ ‘నాకింకా ఎంత టైముంది డాక్టరు గారూ?’ అనడిగితే ఏదో నసిగాను. నా పేషెంటే ఒకావిడ ఆ రోజు నుంచి మీటింగుకి రావడం మానేసిందట. నాకు ఓపీలో రోజూ అరవై మంది ఉంటారు. మా సీనియర్ గారు ‘అవన్నీ కౌన్సెలర్లు చూసుకునే పనులు, నీకెందుకయ్యా’ అంటున్నారు. మళ్లీ వెళ్లాలా? వెళితే ఏం చేయాలి?
- పేరు వద్దన్న ఒక డాక్టర్

సమాధానం:

డాక్టరు గారూ, వెళ్లండి. ఈసారి స్లయిడ్లు లేకుండా వెళ్లండి. తెల్లకోటు కూడా ఓపీ గదిలోనే తగిలించి వెళితే ఇంకా మంచిది.

మీ ఉత్తరం చదువుతుంటే నవ్వొచ్చింది, మీ మీద కాదు లెండి, నా మీద నాకే. ఇరవై ఏళ్ల కిందట నేను మొదటిసారి ఇలాంటి మీటింగుకి వెళ్లినప్పుడు పీ53 జీను బొమ్మ కూడా చూపించాను. కణం ఎలా విడిపోతుంది, జీను ఎక్కడ పాడవుతుంది, మందు ఎక్కడికెళ్లి పనిచేస్తుంది, అన్నీ బాణాలతో, రంగులతో. నేను చెప్పేది నాకే తెగ నచ్చేసింది. ముందు వరసలో పెద్దాయన హాయిగా నిద్రపోయాడు. చివర్లో ఒకావిడ చెయ్యెత్తితే అమ్మయ్య అనుకున్నాను, ఆవిడ అడిగింది బాత్రూము ఎటువైపని.

ప్రశ్నలు రాలేదంటే వాళ్ల దగ్గర లేవని కాదు. మీరు ముప్పావుగంట గడగడా మాట్లాడాక, ‘నాకు ఫలానాది అర్థం కాలేదండీ’ అని పదిమందిలో లేచి చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. పైగా వాళ్లు మీ పేషెంట్లు. వచ్చే వారం సూది కోసం మళ్లీ మీ దగ్గరికే రావాలి. డాక్టరు గారిని విసిగించకూడదు అన్న భయం మన పేషెంట్లకి ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది, మనమేమో దాన్ని చూసి ‘ఎంత బుద్ధిమంతులో’ అని మురిసిపోతాం. తర్వాత లైను కట్టారే, వాళ్ల ప్రశ్న అదే. ఓపీలో మీరు చెప్పింది మాకు ఎక్కలేదు, ఇంకోసారి చెప్పండి అని ఫైలు చాపి అడిగారు.

మీ తప్పని నేననను. డాక్టరు చెప్పిన దాంట్లో 40 నుంచి 80 శాతం పేషెంట్లు అప్పటికప్పుడే మరిచిపోతారని, గుర్తున్న దాంట్లో కూడా దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని పరిశోధకులు చెప్పి రెండు దశాబ్దాలు దాటింది. అది అన్ని రకాల జబ్బుల లెక్క. ఇక మన దగ్గర, ‘బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చిందమ్మా’ అన్న ముక్క తర్వాత మనం చెప్పే పది నిమిషాలూ గోడకి చెప్పినట్టే. పెదాలు కదలడం కనిపిస్తుంది, అంతే.

నాకు ఈ సంగతి సరిగ్గా తలకెక్కింది ఒక థర్మామీటర్ వల్ల. మా మీటింగుకి లెక్కల టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ వచ్చేవారు. మూడో సైకిల్ కీమో నడుస్తోంది. జ్వరం 100.4 దాటితే ఎంత రాత్రయినా వచ్చేయాలని ఆవిడకి నేను మూడుసార్లు చెప్పాను, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. ఆ రోజు మాటల్లో మాటగా, ‘సరే టీచరు గారూ, రాత్రి రెండింటికి మీకు ఒళ్లు కాలిపోతోంది అనుకోండి, ఏం చేస్తారు?’ అనడిగాను. తడుముకోకుండా చెప్పింది. ‘పారాసెటమాల్ వేసుకుని, నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని, తెల్లారగానే మీ దగ్గరికి వచ్చేస్తానండీ.’ గదిలో ఉన్నవాళ్లంతా అవునవును అన్నట్టు తలలూపారు. నాకు వెన్నులో చలి పుట్టింది.

మీకు తెలుసు, కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. కీమో ఎక్కించాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ టైములో జ్వరం వస్తే అది ఒట్టి జ్వరం కాకపోవచ్చు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే గంటల్లో మనిషి చేజారిపోవచ్చు. అందుకే ఆసుపత్రికి వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలంటాం. ముందే పారాసెటమాల్ మింగేస్తే జ్వరం కిందికి దిగినట్టు కనిపించి అసలు సంగతి దాగిపోతుంది. తెల్లారేదాకా ఆగడం అన్నమాటే ఉండకూడదు.

అదే ఆవిడని, ‘మరి రాత్రే ఎందుకు రారు?’ అనడిగాను. ఇక్కడ మొదలైంది అసలు చదువు, నాకు. ‘మిమ్మల్ని నిద్ర లేపడం ఎందుకని’ అన్నది టీచరు గారు. ‘మా ఇంట్లో థర్మామీటర్ లేదండీ, చెయ్యి పెట్టి చూసుకుంటాం’ అన్నాడు ఇంకొకాయన. ఒకావిడ భర్తకి తెల్లవారుజామున డ్యూటీ, ఆయన్ని లేపడం ఇష్టం లేదు. ఇంకో కుర్రాడు నేల చూపులు చూస్తూ, అంతకుముందు ఒకసారి తాను అర్ధరాత్రి క్యాజువాలిటీకి వస్తే ‘ఈ మాత్రం జ్వరానికే పరిగెత్తుకొచ్చావా’ అని కసిరి రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారని చెప్పాడు. నేను పనిచేసే చోటే! నాకు అప్పటిదాకా తెలియదు. ఓపీలో ఎవరు చెబుతారు ఇలాంటివి, చెప్పడానికి టైమెక్కడుంది?

మర్నాడు చేసిన పని చాలా చిన్నది. అరచేతిలో పట్టే అట్టముక్క మీద ‘నేను కీమోలో ఉన్నాను. జ్వరం వచ్చింది. నన్ను కూర్చోబెట్టకుండా వెంటనే చూడండి’ అని, కింద ఏ రక్తపరీక్ష పంపాలి, ఏ మందు మొదలుపెట్టాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని రాసి సంతకం పెట్టి, కీమో తీసుకునే ప్రతి మనిషికీ ఇచ్చాం. క్యాజువాలిటీ వాళ్లతో కూర్చుని మాట్లాడాం. ఓపీలో నా భాష కూడా మారింది. ‘అర్థమైందా?’ అని అడగడం మానేశాను, ఎందుకంటే దానికి అందరూ ‘ఆఁ’ అంటారు. దాని బదులు ‘ఇప్పుడు ఇంటికెళ్లాక మీ అబ్బాయి డాక్టరు ఏమన్నాడని అడిగితే ఏం చెబుతారు?’ అని అడుగుతున్నాను. చెప్పించుకోవడానికి అర నిమిషం పడుతుంది. తప్పు చెబితే వాళ్లని పరీక్షలో తప్పించినట్టు కాకుండా, ‘నేను సరిగ్గా చెప్పలేదు, ఇంకోలా చెబుతానుండండి’ అంటాను. అరవై మంది ఉన్న ఓపీలో కూడా కుదురుతుంది. అందరికీ కుదరకపోతే ఆ రోజు మొదటి కీమోకి వచ్చినవాళ్లకైనా చేయండి.

మీరు అక్కడికి వెళ్లి చెప్పాల్సింది తక్కువ, వాళ్ల చేత చెప్పించుకోవాల్సింది ఎక్కువ. ఇది మంచితనం కోసం అంటున్నది కాదు. 2017లో ఈథన్ బాష్ అనే అమెరికన్ ఆంకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు 766 మంది ముదిరిన క్యాన్సర్ పేషెంట్ల ఫలితాలు బయటపెట్టారు. కొందరికి మామూలు వైద్యం, మిగతావాళ్లకి అదే వైద్యంతో పాటు తమ బాధల్ని, అంటే వాంతులు, నొప్పి, ఆయాసం లాంటివి, కంప్యూటర్లో ఎప్పటికప్పుడు నొక్కి చెప్పే వీలు. ఏదైనా ముదిరితే నర్సుకి వెంటనే కబురు వెళుతుంది. అంతకు మించి కొత్త మందేమీ లేదు. మామూలు వైద్యంలో ఉన్నవాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం (అంటే సగంమంది దాటి బతికిన కాలం) 26 నెలలైతే, చెప్పుకోగలిగినవాళ్లది 31 నెలలు దాటింది. ఇన్ని నెలలు ఇచ్చే మందు ఏదైనా వస్తే మనం ఎంత హడావిడి చేస్తామో మీకు తెలుసు.

ఇంకో సంగతి. మనకి చేతకానివి వాళ్లకి చేతవును. పెద్దపేగు ఆపరేషన్ అయి, పొట్టకి మలం సంచి పెట్టిన ఒక కుర్రాడు మా మీటింగుకి వచ్చేవాడు. నెల నుంచి బయటికి వెళ్లడం మానేశాడు, వాసన వస్తుందని, ఊడిపోతుందని. నేను బొమ్మ గీసి చెప్పాను, స్టోమా (పొట్ట మీదికి తెచ్చిన పేగు రంధ్రం) సంగతి చూసే నర్సు చేసి చూపించింది. తల ఊపేవాడు, మళ్లీ ఇంట్లోనే. ఒక రోజు ఎనిమిదేళ్లుగా సంచితో తిరుగుతున్న ఒకాయన వాణ్ని పక్కగదిలోకి తీసుకెళ్లాడు, అడిగి నేనూ వెళ్లాను. చొక్కా పైకెత్తి, ఒక చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి, రెండో చేత్తో సంచి అంచుని పైనుంచి కిందికి మెల్లగా లాగాడు, పట్టీ పీకినట్టు ఫట్టున కాదు. కింద స్టోమా ఎర్రగా, తడిగా, నోటి లోపల బుగ్గలా ఉంది. ‘ముట్టుకో, దీనికి నొప్పి తెలీదు’ అన్నాడు. ఒట్టి గోరువెచ్చని నీళ్లతో తుడిచి, చర్మం పూర్తిగా ఆరేదాకా ఆగి, కొత్త సంచికి బెజ్జం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించి అంటించాడు. అంటించాక అరచెయ్యి దాని మీద వేసి ఒక నిమిషం అలాగే ఉంచాడు, ఒంటి వేడికి జిగురు పట్టుకోవడానికి. తర్వాత వాడి భుజం మీద తట్టి, ‘పొద్దున్నే ఏమీ తినకముందు మార్చుకో. అప్పుడిది నిద్రలో ఉంటుంది’ అన్నాడు. నాకు తెలిసిన ఏ పుస్తకంలోనూ ఇంత బాగా రాయలేదు. ఆ తర్వాత నెల కుర్రాడు ఒక్కడే బస్సెక్కి మీటింగుకి వచ్చాడు.

అక్కడ నేను చేసిందల్లా నోరు మూసుకుని నిలబడటం. అది కూడా పనే, నన్నడిగితే కష్టమైన పని.

అయితే డాక్టరు నోటి నుంచే రావాల్సినవి కొన్ని ఉంటాయి. బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకుతుందేమోనన్న భయం, ముట్టుకుంటే అంటుకుంటుందేమోనని విడిగా పెట్టిన గిన్నెలు, బయటినుంచి ఇచ్చే రేడియేషన్ అయ్యాక పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చా లేదా అన్న దిగులు (తీసుకోవచ్చు, ఒంట్లో రేడియేషన్ మిగలదు. థైరాయిడ్‌కి మింగే రేడియో అయోడిన్ లాంటివి వేరు, వాటికి కొన్ని రోజులు జాగ్రత్తలుంటాయి). ఇవి పక్కింటివాళ్లు చెబితే తేలవు, డాక్టరు చెబితే ఆ ఇంట్లో ఆ రోజు రాత్రి తేడా కనిపిస్తుంది. మరొకటి, పాలియేటివ్ కేర్ (జబ్బుతో వచ్చే నొప్పినీ బాధల్నీ తగ్గించే వైద్యం) అనగానే ‘చేతులెత్తేశారు’ అనుకుంటారే, దాన్ని కూడా మీరే విప్పి చెప్పాలి. 2010లో ముదిరిన లంగ్ క్యాన్సర్ ఉన్న 151 మంది మీద చేసిన స్టడీలో, మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ కూడా అందినవాళ్లకి దిగులు తగ్గింది, రోజులు కాస్త సుఖంగా గడిచాయి, పైగా మధ్యస్థ ఆయుర్దాయం 8.9 నెలల నుంచి 11.6 నెలలకి పెరిగింది. ఇది చెప్పినప్పుడు గదిలో ముఖాలు చూడండి.

అన్నిటికంటే ముఖ్యంగా ‘ధైర్యంగా ఉండాలి, పాజిటివ్‌గా ఉండాలి’ అన్న పోరు నుంచి వాళ్లని మీరే తప్పించగలరు. మీటింగుల్లో ఇది చాలా ఎక్కువ. కోలుకున్నవాళ్లు ప్రేమతోనే అంటారు, నేను ఒక్కరోజు కూడా ఏడవలేదు తెలుసా అని. విన్న ఇంకొకావిడ, నేను రాత్రంతా ఏడ్చాను కాబట్టే తిరగబెట్టిందేమో అనుకుంటుంది. ఏడ్చినందుకు ఎవరికీ క్యాన్సర్ పెరగదని డాక్టరు ఒక్కసారి గట్టిగా అంటే చాలు. నేను ప్రతి మీటింగులో అంటాను. అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు.

ఇక ‘ఎంత టైముంది’ అన్న ప్రశ్న. నసిగారని బాధపడకండి, అందరి ముందూ అంకె చెప్పి ఉంటే అప్పుడు బాధపడాల్సి వచ్చేది. ఆ ప్రశ్న అడిగినాయనకి తెలుసుకోవాలని ఉండొచ్చు, పక్కన కూర్చున్న భార్యకి ఉండకపోవచ్చు, వెనక కుర్చీలో అదే జబ్బుతో నిన్ననే రిపోర్టు తీసుకున్న మనిషి ఉండొచ్చు. నేనైతే ఇలా అంటాను: ‘మంచి ప్రశ్న అడిగారు. మీ సంగతి మనిద్దరం కూర్చుని మాట్లాడుకుందాం, ఇవాళే, మీటింగ్ అవ్వగానే. అందరికీ పనికొచ్చేది ఒకటి ఇప్పుడు చెబుతాను.’ అని మధ్యస్థం అంటే ఏమిటో చెబుతాను. మధ్యస్థ ఆయుర్దాయం ఎనిమిది నెలలంటే ఎనిమిదో నెలలో అందరూ పోతారని కాదు. సగంమంది అంతకన్నా తక్కువ, సగంమంది అంతకన్నా ఎక్కువ, ఆ ఎక్కువలో కొందరు చాలా దూరం వెళతారు. స్టీఫెన్ జే గూల్డ్ అని శిలాజాల మీద పనిచేసిన శాస్త్రవేత్త ఉండేవారు. 1982లో ఆయనకి పొట్టలో మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ అని తేలింది, ఆ జబ్బుకి అప్పటి మధ్యస్థం 8 నెలలు. ఆయన ఇంకో 20 ఏళ్లు బతికి, 2002లో వేరే క్యాన్సర్‌తో పోయారు. అందరూ గూల్డ్‌లు అవుతారని చెప్పడానికి ఈ కథ వాడకండి, అది మోసం. అంకె ఎలా చదవాలో చెప్పడానికి వాడండి. ఆ తర్వాత మాటిచ్చినట్టు ఆయనతో కూర్చోవడం మాత్రం మరవకండి, మరిచారో మళ్లీ ఎవరూ ఏదీ అడగరు. కూర్చున్నప్పుడు అంకె కంటే ముందు, ‘ఇది ఎందుకు తెలుసుకోవాలనుకుంటున్నారు?’ అని అడగండి. ఒకాయన కూతురి పెళ్లి తేదీ కోసం అడిగాడు, ఇంకొకాయన అప్పు పత్రం మీద సంతకం పెట్టాలా వద్దా అని అడిగాడు. ఇద్దరికీ జవాబు ఒకటి కాదు.

ఒక హెచ్చరిక. మీటింగుకి వస్తే ఎక్కువ కాలం బతుకుతారని ఎక్కడా అనకండి, మీ ఆర్గనైజర్ గారు అన్నా ఆపండి. ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. 1989లో డేవిడ్ స్పీగల్ అనే సైకియాట్రిస్టు, ముదిరిన బ్రెస్ట్ క్యాన్సర్ ఉన్న 86 మంది మీద చేసిన స్టడీలో గ్రూపులో కూర్చున్నవాళ్లు దాదాపు రెట్టింపు కాలం బతికారని ప్రకటించారు, ప్రపంచమంతా ఆహా అంది. తర్వాత 2001లో కెనడాలో 235 మందితో చేసి చూస్తే ఆయుష్షులో తేడా రాలేదు. 2007లో స్పీగలే మళ్లీ చేసి చూశారు, మొత్తం మీద తేడా లేదని ఆయనే రాశారు (నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే). కానీ ఆ కెనడా స్టడీలోనే, గ్రూపుకి వెళ్లినవాళ్లకి, ముఖ్యంగా మొదట్లో బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకి, దిగులూ తగ్గింది, నొప్పి బాధా తగ్గింది. నాకైతే అది చాలు. లేని గొప్ప చెబితే, రాలేకపోయినవాళ్లు తమ తప్పువల్లే జబ్బు ముదిరిందనుకుంటారు.

మీ సీనియర్ గారి మాట దగ్గరికి వస్తే, ఆయన సగం కరెక్టే. కౌన్సెలర్ చేసే పని మీరు చేయకండి, మీకు రాదు, నాకూ రాదు. కానీ ‘నీకెందుకు’ అన్నదానికి మన వృత్తిలో పాత కథే ఉంది. 1961లో షికాగోలో 219 మంది డాక్టర్లని అడిగితే, పేషెంటుకి క్యాన్సర్ అని చెప్పకపోవడమే మంచిదని 90 శాతం మంది అన్నారు. అదే ప్రశ్నలు 1979లో మరోచోట అడిగితే 97 శాతం మంది చెప్పడమే మంచిదన్నారు. పద్దెనిమిదేళ్లలో ఇంత తిరగబడింది. అంతకుముందే, 1952లో, టెరీస్ లాసర్ అనే ఆవిడ రొమ్ము తీసేసిన ఆపరేషన్ తర్వాత ఎలా ఉండాలో తనకెవరూ చెప్పలేదన్న బాధతో, తనలాంటి ఇతర ఆడవాళ్ల మంచాల దగ్గరికి వెళ్లి మాట్లాడటం మొదలుపెట్టింది. చాలామంది సర్జన్లకి అది నచ్చలేదు. చివరికి 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీయే దాన్ని తన కార్యక్రమంగా తీసుకుంది. మీ ఆర్గనైజర్ గారు అదే వరసలో మనిషి. ఆవిడ మీటింగుకి మీరు అతిథి, ఓనర్ కాదు, అది గుర్తుంటే మిగతావన్నీ కుదురుతాయి.

అంటే ఎలాగంటే, గంటన్నర మీటింగులో మీరు అరగంటో ముప్పావుగంటో ఉండండి, తర్వాత లేచి వచ్చేయండి. మీరు ఉన్నంతసేపూ మీ గురించి, మీ ఆసుపత్రి గురించి వాళ్లు మాట్లాడలేరు. మాట్లాడుకోవాలి. ప్రశ్నలు ముందే చీటీల మీద పేరు లేకుండా రాయించి డబ్బాలో వేయించండి. సెక్స్ గురించి, డబ్బు గురించి, చావు గురించి అప్పుడే బయటికి వస్తాయి. ఫైళ్లు గదిలోకి రాకూడదని ఆవిడ చేతే చెప్పించండి, మీరు చెబితే కఠినంగా వినిపిస్తుంది. ఫైలు లేకుండా వస్తే వాళ్లు ఏం అడుగుతారో మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంట్లోవాళ్లకి నెలలో ఒకసారైనా విడిగా కుర్చీలు వేయించండి, పేషెంటు ముందు వాళ్లు నవ్వడం తప్ప ఏమీ చేయలేరు.

ఎవరో తప్పకుండా ఏదో వేరు, పొడి, పసరు తెచ్చి ఇది వాడొచ్చా అంటారు. వెక్కిరించకండి. వెక్కిరిస్తే వాడటం మానరు, చెప్పడం మానేస్తారు. ఏం వాడుతున్నారో అన్నీ తెచ్చి చూపించమనండి, కీమోతో గొడవపడేవి ఉంటాయి కదా. అసలు వైద్యమే మానేసి అది ఒక్కటే నమ్ముకుంటానంటే మాత్రం మొహమాటపడకుండా లెక్క చెప్పండి: నయమయ్యే దశలో ఉన్న క్యాన్సర్లకి ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్నవాళ్లలో చావు ప్రమాదం, మామూలు వైద్యం తీసుకున్నవాళ్లతో పోలిస్తే, రెండున్నర రెట్లు ఉందని 2018లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు.

వాట్సాప్ గ్రూపులో మీరు ఉండకండి. ఉంటే జ్వరం సంగతి కూడా అందులోనే పెట్టి మీ బ్లూ టిక్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, చెప్పానుగా తెల్లారేదాకా ఆగడం గురించి. మందుల కంపెనీ బ్యానర్ గోడ మీద కనిపించకూడదు, అది ఎంత మంచి కంపెనీ అయినా సరే.

వచ్చేవాళ్లలో కొందరు పోతారు. మొదటిసారి అలా జరిగినప్పుడు మేం ఆ విషయం ఎత్తకుండా, పెద్ద తెలివైన పని చేస్తున్నామనుకుంటూ, జుట్టు మళ్లీ ఎప్పుడొస్తుందన్న దాని మీద మాట్లాడాం. అందరి చూపూ ఆ కుర్చీ మీదే ఉంది. ఇప్పుడు ముందుగా పేరు చెబుతాం, రెండు నిమిషాలు ఆ మనిషి గురించి ఎవరికి గుర్తున్నది వాళ్లు చెబుతారు, ఆయన చెప్పిన జోకు ఎవరో చెబుతారు, ఎవరో నవ్వుతారు కూడా. మీరు చూసిన పేషెంటు అయితే మీ గొంతు పూడుకుపోతుంది. పూడుకుపోనివ్వండి.

చివరగా, రావడం మానేసిన మీ పేషెంటు. ఎందుకు మానేసిందో నాకు తెలీదు, మీకూ తెలీదు, ఊహించకండి. మీ 40 స్లయిడ్లలో ఎక్కడో స్టేజీల పట్టిక ఉండే ఉంటుంది, అందులో తన గడి చూసుకుని ఉండొచ్చు. లేదా అసలు పదిమందిలో కూర్చోవడమే ఇష్టం లేని మనిషేమో, అలాంటివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లని బలవంతపెట్టకూడదు. ఈసారి ఆవిడ ఓపీకి వచ్చినప్పుడు మందు చీటీ రాసే ముందు పెన్ను కింద పెట్టి, ‘ఆ రోజు నేను చెప్పినదాంట్లో మిమ్మల్ని భయపెట్టింది ఏమైనా ఉందా అమ్మా?’ అని అడిగి ఊరుకోండి. జవాబు రావడానికి టైము పడుతుంది, మధ్యలో మీరు ఏదో ఒకటి అనేయకండి. వెనకాల యాభై మంది ఉన్నారని నాకు తెలుసు. ఆవిడ ఓపీ తేదీ ఇంకా దూరంగా ఉంటే, ఆర్గనైజర్ గారికి వచ్చే మీటింగ్ గురించి ఎలాగూ ఫోన్ చేస్తారు కదా, ముందు ఆ పేషెంటు ఎలా ఉందో కనుక్కోండి.